పక్షవాతానంతర అలసట: తిరిగి పనిలో చేరినవారి స్థితి

పక్షవాతం నుంచి కోలుకున్నవారిని నెలల తరబడి, కొందరిని ఏళ్ల తరబడి వదలకుండా ఉండే అసాధారణమైన నిస్సత్తువను పక్షవాతానంతర అలసట అంటారు. చేసిన పనికీ వచ్చిన అలసటకీ ఇందులో పొంతన ఉండదు. రాత్రంతా నిద్రపోయినా, ఆదివారం పొద్దుగూకులూ పడుకున్నా పూర్తిగా తీరదు. పడిపోయిన చెయ్యి లేచాక, తడబడిన మాట సర్దుకున్నాక, చూసేవాళ్లకు మనిషి మామూలైపోయినట్టు కనిపించాక కూడా ఇది మిగిలే ఉంటుంది. ఇంటిపట్టున ఉన్నన్నాళ్లూ అంతగా బయటపడకపోవచ్చు. ఉద్యోగంలోనో వ్యాపారంలోనో తిరిగి అడుగుపెట్టిన మొదటి వారాల్లో చాలామందికి దీని అసలు స్వరూపం తెలిసొస్తుంది.

మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం పూడుకుపోవడం వల్లనో, చిట్లిపోవడం వల్లనో పక్షవాతం వస్తుంది. స్ట్రోక్ అన్న ఇంగ్లీషు మాట ఇప్పుడు పల్లెల్లోనూ వినిపిస్తోంది గానీ, ‘కాలూ చెయ్యీ పడిపోయింది’ అన్నదే జనం వాడుక. ఈ వాడుకలోనే ఒక చిక్కుంది. జబ్బు కాలికీ చేతికీ వచ్చిందనుకున్నప్పుడు, అవి లేచాయంటే జబ్బు పోయినట్టే లెక్క. దెబ్బ తగిలింది మెదడుకన్న సంగతి మరుగున పడిపోతుంది.

ఇది ముసలితనపు జబ్బన్న అభిప్రాయం కూడా సరికాదు. ప్రపంచ స్ట్రోక్ సంస్థ 2022లో ఇచ్చిన అంచనాల ప్రకారం ఏటా 1.2 కోట్ల మందికి పైగా కొత్తగా పక్షవాతం వస్తోంది. వారిలో దాదాపు 16 శాతం 15 నుంచి 49 ఏళ్ల లోపువారు. మన దేశంలో పాశ్చాత్య దేశాల కంటే తక్కువ వయసులోనే ఇది వస్తోందని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. ఇంటి ఖర్చు మోస్తున్న వయసులో వచ్చినప్పుడు ‘మళ్లీ పనికి ఎప్పుడు వెళ్తారు?’ అన్న ప్రశ్న ఆసుపత్రి మంచం మీదే మొదలవుతుంది.

పేరు, లక్షణం

అలసట అన్న ఒక్క మాటతో దీన్ని పట్టుకోవడం కష్టం. నాట్లు వేసి ఇంటికొచ్చిన మనిషిదీ అలసటే, కానీ అది వేన్నీళ్ల స్నానంతో, వేడన్నంతో, ఒక రాత్రి నిద్రతో పోతుంది. జ్వరం తగ్గాక ఉండేది నీరసం, అది వారానికో పది రోజులకో పోతుంది. పక్షవాతం తర్వాత వచ్చేది ఈ రెండింటి లాంటిది కాదు. ఒళ్లు బరువెక్కడం, తల మొద్దుబారడం, వింటున్న మాట చెవిదాకా వచ్చి ఆగిపోవడం, మెలకువగా ఉన్నా ఏ పనీ మొదలుపెట్టలేకపోవడం ఇందులో కనిపిస్తాయి. చాలామందికి ఇది నెమ్మదిగా పెరగదు, ఉన్నట్టుండి కరెంటు పోయినట్టు వస్తుంది. 2006 నాటి చికున్‌గున్యా తర్వాతో, కోవిడ్ తర్వాతో నెలల తరబడి నిస్సత్తువ అనుభవించినవారికి ఈ వర్ణన కొంత తెలిసినట్టే అనిపిస్తుంది.

పరిశోధకులు రెండు విషయాలను విడదీసి చూస్తారు. ఒకే కదలికను పదేపదే చేసినప్పుడు కండరం శక్తి ఎంత తగ్గిందో పరికరాలతో కొలవవచ్చు. మనిషికి లోపల అనిపించే అలసటను అలా కొలవలేం, అడిగి తెలుసుకోవాల్సిందే. ఈ రెండూ జంటగా ఉండాలన్న నియమం లేదు. చేతిపట్టు గట్టిగా ఉన్న మనిషి లోపల పూర్తిగా డీలా పడి ఉండవచ్చు. నిద్రమత్తు, దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం అనేవి కూడా దీనికి పొరుగునే ఉంటాయి, కానీ ఇది అవి కాదు. ఆసక్తి లేనివాడికి పని చెయ్యాలనిపించదు. ఈ అలసట ఉన్నవాడికి చెయ్యాలనే ఉంటుంది, ఒళ్లు సహకరించదు.

ఒక ఆచార్యుడి స్వానుభవం

ఈ విషయంపై వచ్చిన రాతల్లో ఇప్పటికీ చదవదగ్గది ఒక రోగి స్వయంగా రాసుకున్న వ్యాసం. ఆ రోగి ఆల్ఫ్ బ్రోడాల్ (1910–1988), ఓస్లో విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్ర ఆచార్యుడు. మెదడులో ఏ నాడీమార్గం ఎక్కడ బయలుదేరి ఎక్కడికి చేరుతుందో జీవితమంతా పరిశోధించిన మనిషి. 1972 ఏప్రిల్‌లో, 62 ఏళ్ల వయసులో, ఆయనకు ఎడమవైపు పక్షవాతం వచ్చింది. కోలుకుంటున్న నెలల్లో తనను తానే గమనించుకుని, మరుసటి ఏడాది ‘బ్రెయిన్’ పత్రికలో ఆ వివరాలు ప్రచురించారు.

ఆయన పట్టుకున్న ముఖ్యమైన సంగతి ఇది. బలహీనపడిన కండరాన్ని కదిలించాలంటే అంతకుముందు ఎన్నడూ అక్కర్లేని సంకల్పబలం కూడగట్టుకోవాల్సి వచ్చింది. అలసిపోతున్నది కండరం కాదు, దాన్ని కదలమని ఆజ్ఞాపిస్తున్న మనసు. చెయ్యి కొద్దిగా కదిలినా, ఆ కాస్త కదలిక వెనుక పెట్టిన ప్రయత్నం పెద్దది. బయటినుంచి చూసే ఫిజియోథెరపిస్టుకు కనిపించేది కదలిక ఒక్కటే.

రెండోది మెడకు కట్టుకునే బో టై సంగతి. ఏళ్ల తరబడి ఆలోచించకుండా కట్టుకున్న ముడి అది. పక్షవాతం తర్వాత వేళ్లు నెమ్మదించడంతో ఆ వరుస మధ్యలో తెగిపోయేది. పోనీ, ఒక్కో వేలి కదలికమీదా ధ్యాస పెట్టి కడదామంటే అసలుకే రాలేదు. దానంతటదే నడిచే పని ఒకటి, దగ్గరుండి నడపాల్సిన పని అయిపోయిందన్నమాట. మన దగ్గర చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం, పూలు మాల కట్టడం, నోట్ల కట్ట లెక్కపెట్టడం ఇలాంటివే. ఇవన్నీ చెయ్యి దానంతటది చేసుకుపోతున్నంతసేపే తేలిక.

మూడోది చదువరికి మరింత ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆయన కుడిచేతి వాటం మనిషి, పడిపోయింది ఎడమ చెయ్యి. అయినా చేతిరాత మారిపోయింది. ఏకాగ్రత తగ్గింది, ఇప్పుడే చదివింది మనసులో నిలవలేదు, త్వరగా అలసిపోయేవారు, ఏ పనైనా తానుగా మొదలుపెట్టే చొరవ తగ్గింది, భావోద్వేగం అదుపు తప్పేది. దెబ్బ తగిలిన చోటు చిన్నదే అయినా మొత్తం మెదడు పనితీరు కాస్త కుంటుపడిందని ఆయన తేల్చారు. ఈ లక్షణాలు మామూలు పరీక్షల్లో బయటపడవు. పరీక్ష చేసే వైద్యుడు చెయ్యి ఎత్తమంటాడు, కాలు చాపమంటాడు, ముక్కు ముట్టుకోమంటాడు. ఒక పరిశోధనా వ్యాసం చివరిదాకా చదివి అర్థం చేసుకోమని అడగడు.

పక్షవాతం తర్వాత గొప్ప పనులు చేసినవారి పేర్లు ఉత్సాహం కోసం తరచూ చెబుతుంటారు. లూయీ పాశ్చర్‌కు 1868 అక్టోబరులో, 45 ఏళ్ల వయసులో ఎడమవైపు పక్షవాతం వచ్చింది. పిచ్చికుక్క కాటుకు టీకాను మనిషికి ఇచ్చింది ఆ తర్వాత, 1885లో. విన్‌స్టన్ చర్చిల్ 1953 జూన్‌లో ప్రధానిగా ఉండగానే పక్షవాతానికి గురై, అదే ఏడాది అక్టోబరులో పార్టీ సభలో నిలబడి ప్రసంగించారు. ఈ కథల్లో ఒక సంగతి వదిలేస్తారు. పాశ్చర్ చుట్టూ సహాయకులున్నారు. చర్చిల్ చుట్టూ ఒక ప్రభుత్వ యంత్రాంగమే ఉంది, జబ్బు సంగతి జనానికి తెలియకుండా దాచింది కూడా. పనివేళలు వాళ్లకు వీలుగా మారాయి. ఉదయం తొమ్మిదింటికి వేలిముద్ర వెయ్యాల్సిన గుమాస్తాకు ఈ కథ ఎంతవరకు ఉపయోగపడుతుందో చెప్పలేం.

ఎంతమందిలో

పక్షవాతం వచ్చినవారిలో ఈ అలసట ఎంతమందికి ఉంటుందన్న ప్రశ్నకు అధ్యయనాలు 25 నుంచి 85 శాతం దాకా రకరకాల జవాబులిచ్చాయి. కొలమానాలు వేరు, అడిగిన సమయాలు వేరు కావడం దీనికి కారణం. 2016లో అంతకుముందు వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ దాదాపు సగం మందికి ఉంటుందని తేల్చింది.

విడి అధ్యయనాల్లో రెండు మూడు విశేషంగా చెప్పుకోదగ్గవి. 1999లో ఇంగిల్స్ బృందం కెనడాలో చేసిన పరిశీలనలో పక్షవాతం వచ్చినవారిలో 68 శాతం, అదే వయసు మామూలు మనుషుల్లో 36 శాతం అలసట ఉందన్నారు. పక్షవాతం వచ్చినవారిలో 40 శాతం మంది తమను అన్నిటికంటే ఎక్కువగా, లేదా ఎక్కువగా బాధించే లక్షణాల్లో ఇదొకటని చెప్పారు. స్వీడన్ జాతీయ పక్షవాత రిజిస్టరు ఆధారంగా 2002లో వచ్చిన అధ్యయనం దిగులుతో ఉన్నవారిని ముందే పక్కనపెట్టి మిగతావారిని చూసింది. పక్షవాతం వచ్చిన రెండేళ్లకు కూడా వారిలో 10 శాతం మంది ఎప్పుడూ, మరో 29 శాతం మంది తరచూ అలసటగా ఉంటోందన్నారు. అంటే ఇది దిగులుకే మరో పేరు అనడానికి వీల్లేదు.

ఆక్స్‌ఫర్డ్‌లో 2009లో వచ్చిన అధ్యయనం ఉద్యోగాలకు తిరిగి వెళ్లేవారి దృష్టితో చూస్తే అన్నిటికంటే ముఖ్యమైనది. స్వల్ప పక్షవాతం వచ్చినవారినీ, కొద్దిసేపు లక్షణాలు కనిపించి పూర్తిగా పోయినవారినీ అందులో పోల్చారు. మొదటి వర్గంలో 56 శాతం, రెండో వర్గంలో 29 శాతం మందికి అలసట ఉంది. నాడీ పరీక్షలో ఏ లోపమూ కనిపించని వారిలోనూ ఈ తేడా అలాగే నిలిచింది. కాలూ చెయ్యీ పూర్తిగా బాగున్నా అలసట ఉండవచ్చన్నమాట. త్వరగా ఉద్యోగంలో చేరేదీ, ‘నీకేమైంది, బాగానే ఉన్నావు కదా’ అన్న మాట ఎక్కువగా పడేదీ సరిగ్గా ఈ వర్గమే.

కారణాలు

మొదటి రోజుల్లో వచ్చే అలసటకూ నెలల తర్వాత ఉండే అలసటకూ కారణాలు వేరువేరని 2015లో ఎడిన్‌బరోకు చెందిన పరిశోధకులు ఒక నమూనా ప్రతిపాదించారు. మొదట్లో మెదడు గాయం, దానివల్ల పుట్టే వాపు ప్రక్రియ వంటి శారీరక కారణాలు ఎక్కువ. తర్వాత్తర్వాత నిద్ర, మనఃస్థితి, ఒళ్లు కదపకపోవడం, చుట్టూ ఉన్నవారి ఆదరణ వంటివి దాన్ని నిలబెడతాయి. గాయం మెదడులో ఎక్కడుంది, ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి అలసటను ముందే చెప్పే సూత్రమేదీ ఇంతవరకు నిలవలేదు.

నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ జోమెరెన్ 1984లో తలకు గాయమైనవారి విషయంలో ఒక ఆలోచన చెప్పారు. గాయపడిన మెదడు నెమ్మదిగా పనిచేస్తుంది. బయటి ప్రపంచం మాత్రం నెమ్మదించదు. ఆ వేగాన్ని అందుకోవడానికి మనిషి ప్రతిక్షణం అదనపు ప్రయత్నం పెడుతూ ఉంటాడు, ఆ ప్రయత్నానికి చెల్లించే మూల్యమే అలసట. పక్షవాతం విషయంలోనూ ఇది బాగా అతుకుతుంది. పని సరిగ్గా పూర్తవుతుంది కాబట్టి పై అధికారికి లోటేమీ కనిపించదు. ఆ పనికి ఎంత ఖర్చయిందో చేసినవాడికే తెలుసు.

లండన్‌లో పరిశోధన చేసిన అన్నపూర్ణ కుప్పుస్వామి మరో దారిలో వెళ్లారు. అలసట ఎక్కువగా ఉన్నవారిలో, కండరాలకు ఆజ్ఞలు పంపే మెదడు భాగాన్ని ఉత్తేజపరచడం కష్టంగా ఉందని 2015లో ఆమె బృందం చూపింది. ఆ తర్వాత ఆమె చెప్పిన సిద్ధాంతాన్ని అర్థం చేసుకోవడానికి చక్కిలిగింత మంచి ఉదాహరణ. మన చక్కిలిగింత మనకు రాదు. ఎందుకంటే మన కదలికవల్ల కలగబోయే స్పర్శను మెదడు ముందే ఊహించి అణిచేస్తుంది. అడుగు తీసి అడుగు వేసేటప్పుడు కాళ్ల బరువు మనకు తెలియనిదీ అందుకే. పక్షవాతం తర్వాత ఈ అణిచివేత సరిగ్గా జరగక, ప్రతి కదలికా బరువుగా, ప్రయాసగా అనిపిస్తుందని ఆమె వాదన. సందడిగా ఉన్న చోట ఎక్కువ అలసిపోవడానికి కూడా ఈ వాదం ఒక దారి చూపిస్తుంది. అక్కర్లేని శబ్దాన్ని పక్కకు నెట్టడం కూడా మెదడు చేసే పనే.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు లార్స్ రోన్‌బాక్, ఎలిజబెత్ హాన్సన్ 2004లో నాడీకణాల పక్కనుండే ఆస్ట్రోసైట్ కణాలు గ్లూటమేట్ అనే రసాయనాన్ని శుభ్రం చెయ్యలేకపోవడం మానసిక అలసటకు మూలం కావచ్చన్నారు. ఇది ఇంకా ప్రతిపాదనే.

వీటి పక్కన, సరిదిద్దగల మామూలు కారణాలు చాలా ఉన్నాయి. వైద్యుడు ముందు చూడాల్సినవి ఇవే. గురక పెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగిపోయే నిద్ర సమస్య పక్షవాతం వచ్చినవారిలో సగానికి పైగా మందిలో ఉంటుంది. దిగులు జబ్బు దాదాపు మూడోవంతు మందిలో వస్తుంది. రక్తహీనత, థైరాయిడ్ లోపం, బి12 తక్కువ కావడం, రక్తంలో సోడియం పడిపోవడం, రాత్రుళ్లు నిద్రపోనివ్వని భుజం నొప్పి కూడా ఈ జాబితాలోవే. తెలుగు రాష్ట్రాల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నప్పుడు, కనీసం హిమోగ్లోబిన్ పరీక్ష చేయించకుండా అలసటనంతా మెదడుకే అంటగట్టడం తప్పు.

మందుల సంగతి సున్నితమైనది. బీపీకి వాడే బీటా బ్లాకర్లు, ఫిట్స్ మందులు, కండరాల బిగువు తగ్గించే బాక్లోఫెన్ వంటివి మగతను, నీరసాన్ని పెంచగలవు. మోతాదు, వేసుకునే వేళ మార్చమని వైద్యుణ్ని అడగవచ్చు. మాత్ర వేసుకుంటే నీరసంగా ఉందని బీపీ మందు సొంతంగా మానేసేవాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. అలా మానెయ్యడం రెండో పక్షవాతానికి దగ్గరి దారి.

పనిలో చేరాక

డెన్మార్క్‌లో 60 ఏళ్ల లోపు వయసుండి, పక్షవాతానికి ముందు పూర్తికాల ఉద్యోగంలో ఉన్న 83 మందిని రెండేళ్లపాటు గమనించిన అధ్యయనం 2012లో వెలువడింది. రెండేళ్ల చివర 58 శాతం మంది జీతమొచ్చే పనిలోకి తిరిగి వెళ్లారు. తీవ్రమైన అలసట తగ్గకుండా మిగిలినవారు వెళ్లే అవకాశం తక్కువగా ఉంది. ఇటువంటి అధ్యయనాలు ఎవరు చేరారో లెక్కపెడతాయి. చేరినవారు ఎలా నెట్టుకొస్తున్నారన్నది వాటిలో అంతగా కనిపించదు.

చేరినవారి కథ చాలావరకు ఒకే దారిలో నడుస్తుంది. మొదటి రోజు సహోద్యోగులు పలకరిస్తారు, మిఠాయిలు పంచుతారు, ఉత్సాహంగా ఉంటుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో మధ్యాహ్న భోజనం తర్వాత తెర మీద అక్షరాలు కలిసిపోతాయి. శని, ఆదివారాలు మంచం మీదే గడిచిపోతాయి. సోమవారం కాస్త తెరిపినిస్తే పోయిన వారం మిగిలిన పనంతా మీదేసుకుంటారు, బుధవారానికి మళ్లీ కుప్పకూలతారు. బాగున్న రోజు ఎక్కువ చేసి, బాగాలేని రోజుల్లో దానికి మూల్యం చెల్లించే ఈ పద్ధతి అలసటను తగ్గించదు, పెంచుతుంది. అన్నిటికంటే ముందు మార్చుకోవాల్సిన అలవాటు ఇదేనని పునరావాస నిపుణులంటారు.

ఏ పని తేలిక, ఏది కష్టం అన్న లెక్క కూడా తలకిందులవుతుంది. మూటలు మోసే పని కష్టమనీ, కుర్చీలో కూర్చునే పని తేలికనీ అందరూ అనుకుంటారు. మొదటిది నిజమే. కానీ కుర్చీ పనిలో ఫోను మోగుతుంటుంది, పక్కవాళ్లు మాట్లాడుతుంటారు, మధ్యలో ఒకరు సంతకానికి వస్తారు, మెయిల్ వస్తుంది. మనసు ఒకదానిమీద నుంచి ఇంకోదానిమీదకి దూకి మళ్లీ వెనక్కి రావాలి. దెబ్బతిన్న మెదడుకు ఖరీదైనది ఇలా దూకడమే. బ్యాంకు కౌంటరులో డబ్బు లెక్కపెడుతూ ఖాతాదారుకు జవాబు చెప్పడం, అరవైమంది పిల్లలున్న తరగతిలో పాఠం చెబుతూ వెనక బెంచీమీద ఓ కన్నేసి ఉంచడం, ఒకే మీటింగులో తెలుగు, హిందీ, ఇంగ్లీషు మారుస్తూ మాట్లాడటం ఇలాంటివే. బట్టలు కుట్టే దర్జీ కూడా కూర్చునే పనిచేస్తాడు. కానీ అతనికి ఒకసారికి ఒకే బట్ట, వేగం తన కాలికింద ఉంటుంది.

భాషల ప్రస్తావన వచ్చింది కాబట్టి హైదరాబాదు పరిశోధన ఒకటి చెప్పుకోవాలి. నిమ్స్ ఆసుపత్రి పక్షవాత రిజిస్టరులోని 608 మందిని సువర్ణ అల్లాడి బృందం పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించింది. పక్షవాతం తర్వాత జ్ఞాపకం, ఆలోచన మామూలుగా నిలిచినవారు ద్విభాషుల్లో 40.5 శాతం, ఒకే భాష తెలిసినవారిలో 19.6 శాతం. జీవితమంతా భాషలు మార్చి మాట్లాడిన అలవాటు మెదడుకు కొంత మూలధనం కూడబెడుతుందని వారి వివరణ. ఆ పరిశోధన అలసట గురించి కాదు. అయినా ఆఫీసులో అలసట పెంచేది ఆలోచనా భారమే కాబట్టి ఈ ఫలితం ఇక్కడ గుర్తుపెట్టుకోదగ్గది.

ఆఫీసుకు చేరేలోపే సగం శక్తి ఖర్చయిపోవడం నగరాల్లో పెద్ద సమస్య. రద్దీ బస్సులో గంటన్నర నిలబడి వచ్చిన మనిషికి పనిదినం తొమ్మిదింటికి మొదలవదు, ఏడున్నరకే మొదలైపోయి ఉంటుంది. రాత్రి షిఫ్టులు, వారం వారం మారే షిఫ్టులు నిద్రను పాడుచేసి అలసటను రెట్టింపు చేస్తాయి. అమెరికా వేళలకు పనిచేసే హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఇది మామూలు విషయం. వాహనం నడిపేవారి సంగతి వేరు, వాళ్ల అలసట ఇతరులకూ ప్రమాదమే. బ్రిటన్‌లో పక్షవాతం తర్వాత కారు నడిపేవారు కనీసం నెల రోజులు, బస్సు, లారీ నడిపేవారు ఏడాది స్టీరింగు పట్టకూడదు.

ఉద్యోగినుల విషయంలో లెక్క ఇంకా పెద్దది. సాయంత్రం ఇంటికి రాగానే పురుషుడు పడుకుంటే విశ్రాంతి అంటారు. ఆమె పడుకుంటే వంటెవరు చేస్తారన్న ప్రశ్న వస్తుంది. ఆఫీసులో పనిగంటలు తగ్గించి, ఇంట్లో పనిగంటలు అలాగే ఉంచితే జరిగే మేలు తక్కువ. పునరావాస సలహాల్లో కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడాలని చెప్పేది ఇందుకే.

కొలిచే పద్ధతులు

ఎక్కువగా వాడే ప్రశ్నావళి, లారెన్ క్రుప్ బృందం 1989లో తయారుచేసిన అలసట తీవ్రత కొలమానం. నిజానికి అది మల్టిపుల్ స్క్లిరోసిస్, లూపస్ రోగుల కోసం పుట్టింది. తొమ్మిది వాక్యాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా అంకె వెయ్యాలి. సగటు 4కు చేరితే గమనించదగ్గ అలసట కిందికి వస్తుంది. గోథెన్‌బర్గ్ వారి మానసిక అలసట కొలమానంలో 15 ప్రశ్నలు. ఇందులో శబ్దం, వెలుగు తట్టుకోలేకపోవడం, కోలుకోవడానికి పట్టే సమయం వంటివి కూడా అడుగుతారు కాబట్టి కార్యాలయ ఉద్యోగులకు ఇది నప్పుతుంది. ప్రశ్నావళి దగ్గర లేకపోయినా, రెండు వారాలపాటు ఏ గంటకు ఏం చేశారో, ఎప్పుడు డీలాపడ్డారో డైరీలో రాసుకుని వెళితే వైద్యుడికి సగం పని తేలికవుతుంది.

చికిత్స

అలసట తగ్గించే మందు ఇదీ అని ధైర్యంగా చెప్పగలిగే స్థితి లేదు. 2015 నాటి కొక్రేన్ సమీక్ష 703 మంది పాల్గొన్న 12 ప్రయోగాలను పరిశీలించి, ఏ చికిత్సకూ సరిపడా ఆధారం లేదని తేల్చింది. మెలకువ పెంచే మోడాఫినిల్‌పై ఆస్ట్రేలియాలో 36 మందితో చేసిన ప్రయోగం 2017లో ఆశాజనకంగా కనిపించింది. అంతకుముందు డెన్మార్క్‌లో అదే మందుతో చేసిన ప్రయోగం దాని ప్రధాన కొలమానంపై తేడా చూపలేదు. దిగులుకు వాడే ఫ్లూయాక్సెటిన్‌ను 3,127 మందికి ఇచ్చి చూసిన బ్రిటన్ ఫోకస్ ప్రయోగం 2019లో వెలువడింది. దిగులు కేసులు తగ్గాయి, కానీ రోజువారీ పనులు చేసుకునే సామర్థ్యంలో మెరుగుదల లేకపోగా ఎముకలు విరగడం పెరిగింది.

మందులేని దారుల్లో నెదర్లాండ్స్‌లో 2012లో వచ్చిన ప్రయోగం చెప్పుకోదగ్గది. తీవ్రమైన అలసట ఉన్న 83 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు 12 వారాలపాటు ఆలోచనల తీరుమీద చికిత్స మాత్రమే ఇచ్చారు. రెండో జట్టుకు దానితోపాటు మెల్లమెల్లగా పెంచే నడక, వ్యాయామం కూడా జోడించారు. చెప్పుకోదగ్గ మెరుగుదల మొదటి జట్టులో 24 శాతం మందిలో, రెండో జట్టులో 58 శాతం మందిలో కనిపించింది. పూర్తి విశ్రాంతి మందు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. మన ఇళ్లలో ప్రేమకొద్దీ ‘నువ్వు కదలకు, మేం చూసుకుంటాం’ అంటారు. కదలనివ్వకపోతే ఒంట్లో ఉన్న కాస్త సత్తువా పోతుంది.

రోజువారీ సలహాల్లో మొదటిది అలసిపోయాక విశ్రాంతి తీసుకోవడం కాదు, అలసిపోకముందే తీసుకోవడం. గంటన్నర పని, పదిహేను నిమిషాలు కళ్లు మూసుకుని నిశ్శబ్దంగా కూర్చోవడం, కఠినమైన పనిని తల తేటగా ఉండే ఉదయానికి పెట్టుకోవడం చాలామందికి పనిచేస్తాయి. విశ్రాంతి అంటే ఫోను చూడటం కాదన్నది విడిగా చెప్పాల్సి వస్తోంది. తిరిగి చేరేటప్పుడు రోజుకు మూడు, నాలుగు గంటలతో, వారం మధ్యలో ఒక సెలవుతో మొదలుపెట్టి, రెండు మూడు వారాలకోసారి పెంచుకుంటూ పోవడం మంచిది. సెలవు అయిపోయిందన్న ఒక్క కారణంతో మొదటి రోజునుంచే ఎనిమిది గంటలు కూర్చునేవాళ్లు తరచూ మళ్లీ సెలవు పెట్టాల్సి వస్తుంది.

చట్టం, సెలవులు

బ్రిటన్‌లో 2010 నుంచి వైద్యుడిచ్చే సెలవు పత్రంలో ‘పని చెయ్యలేరు’ అన్న మాటకు పక్కనే ‘ఈ మార్పులతో చెయ్యగలరు’ అన్న గడి కూడా ఉంటుంది. విడతలవారీగా చేరడం, పనివేళలు మార్చడం, పని స్వభావం మార్చడం, కార్యాలయంలో సదుపాయాలు అని అందులో నాలుగు వీలుంటాయి. మన దగ్గర వైద్య ధ్రువపత్రం సాధారణంగా రెండు మాటలే చెబుతుంది. అన్‌ఫిట్, లేదా ఫిట్. అలసట ఉన్నవాడు ఈ రెంటికీ మధ్య ఉంటాడు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీర్ఘకాలిక నాడీ సమస్యలను కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ఏ ప్రభుత్వ సంస్థా తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు అని దాని 20వ సెక్షను చెబుతుంది. పాత పని చెయ్యలేకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చాలి. అదీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి ఉంచాలి. వర్ణాంధత్వం కారణంగా వైద్యపరంగా ఇంటికి పంపిన ఆర్టీసీ డ్రైవరు కేసులో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, ప్రత్యామ్నాయ ఉద్యోగం వెతకాల్సిన బాధ్యత సంస్థదేనని తేల్చి, తగిన పోస్టు ఇవ్వాలని తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. ఆ కేసుకు ఆధారం పాత కార్మిక ఒప్పందం, జబ్బు కూడా వేరే. అయినా స్టీరింగు వదలాల్సి వచ్చిన డ్రైవర్లకు ఈ తీర్పు తెలిసి ఉండాలి.

ఈఎస్ఐ పరిధిలోని కార్మికులకు జబ్బు సెలవులో 70 శాతం వేతనం 91 రోజుల దాకా వస్తుంది. ఆ తర్వాత దీర్ఘకాలిక జబ్బుల జాబితాలోని 34 జబ్బులకు 80 శాతం చొప్పున, నియమాలను బట్టి రెండేళ్ల దాకా పొడిగిస్తారు. ఒంటి సగభాగం పడిపోవడం ఆ జాబితాలో ఉంది. అలసట లేదు. చెయ్యి లేచి అలసట ఒక్కటే మిగిలిన కార్మికుడు కాగితం మీద కోలుకున్నవాడే.

ఆటో నడిపేవారికి, మేస్త్రీ పనికి వెళ్లేవారికి, కూరగాయల బండి తోసేవారికి ఈ కాగితాలేవీ లేవు. పనికి వెళ్లిన రోజే కూలి. వాళ్లలో చాలామంది వైద్యుడు చెప్పిన దానికంటే ముందే పనిలోకి దిగుతారు. సొంత కొట్టున్న చిన్న వ్యాపారికి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. కోస్తా, రాయలసీమ చిన్న ఊళ్లలో మధ్యాహ్నం ఒంటిగంటకో రెండుకో షట్టరు దించి, భోంచేసి ఒక కునుకు తీసి, నాలుగింటికి మళ్లీ తెరిచే అలవాటు ఇంకా చాలాచోట్ల మిగిలే ఉంది. పక్షవాతం నుంచి లేచి కొట్లో కూర్చున్న మనిషి ఆ వేళకు షట్టరు దించితే, ఎందుకని అడిగేవాడు బజారులో ఎవడూ ఉండడు.